‘నకలు’ అని రాయని మా అత్తయ్య

అత్తయ్య పోయిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను కాకినాడలో మా బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఉన్నాను. ఉదయం చూసి, కాఫీ ఫ్లాస్కు ఇచ్చి వచ్చినదాన్నే. "పేషెంటుకి మీరేమవుతారండి?" అని అడిగింది నర్సు. మేనకోడల్నన్నాను. "సొంతవాళ్లెవరైనా ఉంటే పంపించండి, సంతకాలు పెట్టాలి" అంది. నేనే సొంతదాన్నని చెప్పి బయల్దేరాను.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త పడింది. చైనా దొంగ విమానం గుట్టు రట్టు చేసిన అనువాదకురాలు కన్నుమూశారట. ఆవిడ చాలాకాలం చైనాలో ఉండి ఆ భాష నేర్చుకున్నారట. ఆ దేశపు యుద్ధవిమానం ఉత్త నకలని లోకానికి చాటారట. ఆ సేవకి గుర్తింపుగా మన ఊరి పెద్దలు ఘనంగా సత్కరించారట. ఆ నాలుగు వాక్యాల్లో అత్తయ్య వయసొక్కటే నిజం. ఆవిడ చైనా మొహం ఎరగదు. ఆ విమానం నకలని ఎన్నడూ అనలేదు సరికదా, అలా అననన్నందుకే ఉద్యోగం పోగొట్టుకుంది, ఊళ్లో మర్యాద పోగొట్టుకుంది, చివరికి తోడబుట్టినవాణ్ణీ పోగొట్టుకుంది. పోయాక అయినా ఆ మాట ఆవిడ నెత్తిన రుద్దకుండా వదిలిపెట్టలేదు మనవాళ్లు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, దాచడం ఎందుకు.

మా తాతగారు కోనసీమలో సంస్కృతం చెప్పుకుని బతికిన మనిషి. ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మా నాన్నగారు, రాజమండ్రిలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. రెండోది అత్తయ్య. ఆడపిల్లని కాశీకి పంపి చదివించాడని తాతగారిని ఆ రోజుల్లో అందరూ ఆడిపోసుకున్నారట. అక్కడ అత్తయ్యకి ఒక సంగతి తెలిసింది. మన దేశంలో పుట్టి మన దేశంలోనే నాశనమైపోయిన బౌద్ధ గ్రంథాలు బోలెడు చైనా అనువాదాల్లో మాత్రం బతికున్నాయి. వాటిని చదవాలంటే చైనా భాష రావాలి. అంతే, మొదలుపెట్టింది. ఎప్పుడో పోయిన సంస్కృతాన్ని చైనా భాషలోంచి వెనక్కి తెచ్చుకోవాలన్నది ఆవిడ కోరిక.

భాష వచ్చింది గాని, బౌద్ధ గ్రంథాలు చదివినందుకు ఉద్యోగం ఎవరిస్తారు? అరవై రెండు యుద్ధం అయ్యాక చైనా భాష వచ్చినవాళ్ల కోసం ప్రభుత్వం వెతుకుతోంది. ఢిల్లీలో ఒక ఆఫీసులో అనువాదకురాలిగా వేశారు. ఆ ఆఫీసు పేరు అత్తయ్య మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినవాళ్లు బాలేరు, బావున్నవాళ్లు అడగలేదు" అనేది.

బౌద్ధ సూత్రాలు చదవాలని నేర్చుకున్న భాషతో అత్తయ్య బతుకంతా యంత్రాలు చదివింది. ముందు రైళ్లు, తరవాత ట్రాక్టర్లు, ఆ తరవాత విమానాలు. చైనాలో బహిరంగంగా అమ్మే విమానాల పత్రికలు ఆ ఆఫీసుకి వచ్చేవి. రహస్యాలేం కావు, ఎవరైనా కొనుక్కోగలిగినవే. కాకపోతే చదవగలిగినవాళ్లు లేరు. తొంభైల్లో అత్తయ్య పనంతా వాటితోనే. అందులోనూ ఒక్క విమానం మీదే ఆవిడ ఏళ్ల తరబడి కూర్చుంది. తరవాత లోకమంతా జె-టెన్ అని పిలిచిన విమానం అదే. అప్పటికింకా దాని పేరు పత్రికల్లో సూటిగా వచ్చేది కాదు. ఫలానా డిజైనరుకి సన్మానం జరిగిందనో, ఫలానా ఊళ్లో విమానాల నమూనాలు పరీక్షించే కొత్త గాలి సొరంగం కట్టారనో వచ్చేది. వాటినే అటూ ఇటూ పేర్చి చదువుకునేది.

వేసవిలో సెలవు పెట్టుకుని రాజమండ్రి వచ్చేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మా వంటింటి గడప దగ్గర పీటలు కనపడతాయి. నాన్నగారొక పీట మీద, అత్తయ్యొక పీట మీద. అమ్మ మామిడికాయలు తరుగుతూ ఉంటే వీళ్లిద్దరూ విమానానికి మాటలు కడుతూ ఉండేవారు.

"అన్నయ్యా, ఇలా చూడు. ముక్కుకీ పెద్ద రెక్కలకీ మధ్య రెండు చిన్న రెక్కలు పెట్టారు. విమానం తొందరగా ముక్కెత్తి తిరగడానికి. చైనా వాళ్లు బాతు రెక్క అంటారు. నువ్వయితే ఏమంటావు?"

"బాతెందుకే మధ్యలో?"

"గాల్లో ఎగిరే బాతుని చూడు. మెడ ముందుకి ఇంత సాగి ఉంటుంది, రెక్కలు ఎక్కడో వెనకాల. ఈ విమానమూ అలాగే ఉంటుందిట. ఫ్రెంచి వాడూ బాతు మాటే పెట్టాడు, కనార్డ్ అని. ఇంగ్లీషు వాడు అదే మాట తీసుకుని ఉత్త పుకారుకి కూడా వాడతాడు."

నాన్నగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తరవాత చాలాసేపు ఆలోచించి, "పురఃపక్షం, ముందుండే రెక్క" అన్నారు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఆ మాట ఢిల్లీలో ఎవరికీ అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూటంతా పురఃపక్షం, పురఃపక్షం అని ఇల్లంతా మోగింది.

నాకు విమానం సంగతి వివరించింది కూడా అప్పుడే. ఇప్పటి యుద్ధవిమానాన్ని కావాలనే నిలకడ లేకుండా కడతారు, నిలకడగా ఉన్నది చటుక్కున తిరగలేదు, అది పడిపోకుండా క్షణక్షణం కంప్యూటరు పట్టుకుని ఉంటుంది అని చెప్పింది. "ఒంటిచేత్తో చీపురుపుల్ల నిలబెట్టి ఆడిస్తారు చూడు, అలాగ. బొమ్మ గీయడం ఎవడైనా గీస్తాడే. ఆ ఆడించే చెయ్యి తయారు చేసుకోవడమే ఏళ్లు పడుతుంది. దాన్ని ఎవడూ జేబులో వేసుకుని ఎత్తుకుపోలేడు."

అసలు తగువంతా ఆ చివరి మాట దగ్గరే వచ్చింది.

ఇజ్రాయెల్ వాళ్లు ఎనభైల్లో లావి అని ఒక విమానం తయారు చేసుకున్నారు. దానికీ ముందు చిన్న రెక్కలున్నాయి, పొట్ట కింద గాలి పీల్చుకునే నోరుంది. అమెరికా డబ్బు చాలా పడింది దాంట్లో. ఎగిరింది కూడా. కానీ ఖర్చు భరించలేక ఆపేశారు. ఆ తరవాత కొన్నాళ్లకి, చైనాలో తయారవుతున్న కొత్త విమానం అచ్చం అలాగే ఉందని, ఆ కాగితాలు, ఆ మనుషులు అటు వెళ్లిపోయారని విదేశీ పత్రికల్లో రావడం మొదలైంది. ఇజ్రాయెల్ వాళ్లూ చైనా వాళ్లూ ఇద్దరూ కాదన్నారు. కాదన్నంత మాత్రాన ఎవరు నమ్ముతారు?

అత్తయ్యకి చైనా పత్రికల్లో ఇంకో కథ కనిపించింది. లావి పుట్టకముందే చైనా వాళ్లు బాతు రెక్కలతో ఒక విమానం గీసుకున్నారు. ఏళ్లకి ఏళ్లు గీశారు, చెరిపారు, మళ్లీ గీశారు, చివరికి ఎగరకుండానే మూసేశారు. ఆ పని చేసినవాళ్లలో కొందరే ఈ కొత్త విమానానికి కూర్చున్నారు. కూర్చున్న తరవాత బయటి సాయం వచ్చిందా అంటే, వచ్చే ఉంటుందనేది అత్తయ్య. ఇంజను రష్యా నుంచి తెచ్చుకున్నారు, అది పట్టేలా పొట్ట మళ్లీ గీసుకోవాల్సొచ్చింది. కంప్యూటర్ల విషయంలో ఇజ్రాయెల్ చెయ్యి లేదని కూడా ఆవిడ ప్రమాణం చేసి చెప్పలేదు. "ఎముక వాళ్లదే. కండ ఎవరెవరు పెట్టారో నాకు కనిపించినంత వరకు రాశాను. కనిపించని చోట కనిపించలేదనీ రాశాను" అనేది. ఇద్దరు తల్లులు పురిట్లోనే పోగొట్టుకున్న బిడ్డల పోలిక ఈ విమానంలో ఉందని కూడా ఒకసారి అంది. పాపం, అలాంటి మాటలు ఆఫీసు రిపోర్టులో రాసేదా ఏమిటి అని నాకు భయం వేసింది.

తొంభైల చివర్లో ఆ విమానం మొదటిసారి ఎగిరిందని తెలిశాక, ఢిల్లీలో ఆవిడ పైఅధికారి పిలిచారట. ఆ సంభాషణ అత్తయ్య నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ ఒకేలా చెప్పింది, ఒక్క మాట తేడా లేకుండా.

"మేడమ్, అంతా బావుంది. ఆఖరి వాక్యం మార్చండి."

"ఏం మార్చాలి సార్?"

"‘దీని మూలాలు ఒకటి కన్నా ఎక్కువ’ అన్నారు. అంత సాగదీయడం ఎందుకు? నకలు అని రాసేయండి."

"నేను చదివినదాంట్లో అలా లేదు సార్."

"పైవాళ్లకి తీరిక ఉండదు మేడమ్. ఒక్క మాట కావాలి వాళ్లకి."

"ఒక్క మాటలో అయితే అబద్ధమే చెప్పగలం సార్."

ఆయన చెడ్డవాడేం కాదట. టీ తెప్పించి ఇచ్చాడట. నకలంటే అందరికీ హాయిగా ఉంటుంది మేడమ్, నకలు కొట్టేవాణ్ణి చూసి ఎవరూ భయపడరు అని బుజ్జగించాడట. "అందుకే రాయను సార్. మనవాళ్లు కూడా అక్కడ బెంగుళూరులో ఒకటి గీసుకుంటున్నారు కదా, ఎదటివాడు ఎంత చదివాడో వాళ్లకి తెలియాలా వద్దా?" అని అడిగిందట అత్తయ్య. ఆయన టీ కప్పులు తీసేయించాడు.

ఆ వాక్యం వేరే ఎవరో రాశారు. ఆ నెల నుంచి అత్తయ్య బల్ల మీదకి విమానాల పత్రికలు రావడం మానేశాయి. చేపల పెంపకం మీద వ్యాసాలు వచ్చాయి. "మన చెరువుల వాళ్లకి పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయే వాటిల్లో" అని నవ్వేది గాని, ఆ నవ్వు చూడ్డానికి బావుండేది కాదు. ఇంకా సర్వీసు ఉండగానే స్వచ్ఛందంగా రిటైరయి వచ్చేసింది. ధవళేశ్వరంలో బ్యారేజీకి దగ్గర్లో ఒక వాటా అద్దెకు తీసుకుంది. రాజమండ్రిలో మా ఇంట్లో ఉండమని నాన్నగారు ఎంత చెప్పినా వినలేదు. "బస్సెక్కితే అరగంట కదా అన్నయ్యా, దూరంగా ఉంటేనే రోజూ రాబుద్ధవుతుంది" అంది. అన్నట్టుగానే రోజు విడిచి రోజు వచ్చేది.

ఆవిడ అలవాట్లు ఆ వీధిలో కొన్నాళ్లు కథలుగా చెప్పుకున్నారు. మండు వేసవిలో కూడా వట్టి వేడినీళ్లే తాగేది. కాఫీ డికాషను దిగేలోపు గట్టు మీద తడివేలితో చైనా అక్షరాలు రాస్తూ ఉండేది. మొదటిది రాసి నాలుగోదానికి వెళ్లేసరికి మొదటిది ఆరిపోయేది. మాట్లాడటానికి మనిషి లేక, స్వరాలు మర్చిపోకుండా పాటలా సాధన చేసుకునేది. చైనా భాషలో ఒకే మాట ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థమట. పక్కవాటా ఆవిడ అది వేదమనుకుని దణ్ణం పెట్టి వెళ్లేది.

ఒకే ఒక్కసారి ఆ భాష మనుషులతో మాట్లాడగా విన్నాను. నాకు కాకినాడ బదిలీ అయిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చింది. మెయిన్ రోడ్డు మీద మందుల షాపులో ఇద్దరు చైనా నావికులు కడుపు పట్టుకుని సైగలు చేస్తున్నారు. షాపతను దగ్గు మందు తీసి చూపిస్తున్నాడు. అత్తయ్య వెనకాల నుంచి మెల్లిగా ఏదో అంది. వాళ్లిద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. జరీ అంచు నేత చీర, ముక్కుపుడక, చేతిలో కూరల సంచీ. వాళ్లు ఆవిడ మొహం చూశారు, మళ్లీ షాపతని మొహం చూశారు. తరవాత ఇద్దరూ ఒకేసారి గలగలా మొదలుపెట్టారు.

మందు ఇప్పించింది. మజ్జిగ తాగమని, బయట తిండి తినొద్దని చెప్పిందట. వాళ్లలో పెద్దవాడు వంగి నమస్కారం చేసి, "మాస్టారూ" అని పిలిచాడట ఆవిణ్ణి. చైనాలో ఎన్నాళ్లున్నారని అడిగాడట.

"ఏం చెప్పావత్తయ్యా?"

"ఎప్పుడూ రాలేదన్నాను. నమ్మలేదు వాడు. ఏం పని చేసేవారన్నాడు. బౌద్ధ గ్రంథాలు చదివేదాన్ని అన్నాను." మళ్లీ తనే, "అబద్ధం కాదు కదే అది?" అని నన్నడిగింది. ఆ సాయంత్రమంతా ఆవిడ నడకే వేరుగా ఉంది.

రెండువేల ఏడు మొదట్లో చైనా ప్రభుత్వం ఆ విమానాన్ని బాహాటంగా లోకానికి చూపించింది. మన టీవీల్లో రెండు రోజులు అదే గోల. వచ్చినవాడల్లా ఇజ్రాయెల్ నకలనే అన్నాడు. అత్తయ్య మా ఇంట్లో కూర్చుని చూస్తోంది. పదేళ్లుగా మనసులో మోసిన విమానం మొట్టమొదటిసారి రంగుల్లో కనిపించింది. "ఎంత బావుంది!" అంది, చిన్నపిల్లలా. నాన్నగారే అన్నారు, "నువ్వు రాయవే. తెలుగులో రాయి. నీకు తెలిసింది జనానికి చెప్పు" అని.

రాసింది. నాన్నగారు దగ్గర కూర్చుని భాష దిద్దారు. పురఃపక్షం అనే మాట కూడా పడింది అందులో. మాకు తెలిసిన ఒక విలేకరి వచ్చి పట్టుకెళ్లాడు. చాలా మర్యాదస్తుడు. "ఇలాంటిది మన జిల్లా నుంచి రావడం మా అదృష్టమండి" అన్నాడు.

ఆదివారం అనుబంధంలో వచ్చింది. సగం పేజీ, పైన అత్తయ్య ఫోటో. దాని కింద అంగుళమంత అక్షరాలతో ‘చైనా దొంగ విమానం!’ అని. లోపల వ్యాసంలో పాత డిజైను సంగతి లేదు, మూసేసిన ఏళ్ల సంగతి లేదు. ‘బయటి సాయం వచ్చే ఉంటుంది’ అన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని, దాని చుట్టూ ఎవరో కొత్తగా అల్లారు. ఏ వాక్యం రాయనని ఢిల్లీలో ఉద్యోగం వదులుకుని వచ్చిందో, ఆ వాక్యమే, ఆవిడ పేరుతో, ఆవిడ భాషలో, ఆవిడ సొంత జిల్లాలో ఇంటింటికీ వెళ్లింది.

అత్తయ్య బస్సెక్కి పేపరాఫీసుకి వెళ్లింది. విలేకరి బయటికొచ్చి కుర్చీ వేశాడు.

"నేను రాసింది ఇదేనా బాబూ?"

"డెస్కులో కాస్త ఎడిట్ చేశారండి. నా చేతుల్లో ఉండదండి అది."

"కాస్తా?"

"మీరు రాసినట్టే వేస్తే ఎవరు చదువుతారండి? ఇప్పుడు చూడండి, ఎంతమంది ఫోన్లు చేస్తున్నారో. మీకెంత పేరొచ్చిందో చూసుకోండి."

"తప్పని వేస్తారా?"

"వేయిస్తానండి, తప్పకుండా."

వేయలేదు. ఇప్పటికీ వేయలేదు.

ఇక్కడ నేను నాన్నగారి గురించి రాయాలి. చేదుగానే ఉంటుంది. ఆయన ఆ పేపరు కాపీలు తెప్పించి తెలిసిన వాళ్లందరికీ పంచారు. లోపలేముందో ఆయనకి తెలుసు. దిద్దింది ఆయనే కదా! అయినా చెల్లెలి ఫోటో చూసి మురిసిపోయారు. అంతకాలం ఊళ్లో ఎవరడిగినా మా చెల్లెలు ఢిల్లీలో ఏదో గుమాస్తా పని అని చెప్పుకోవాల్సొచ్చింది ఆయనకి. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. దాన్ని వదులుకోలేకపోయారు.

ఊళ్లో ఒక సాంస్కృతిక సంఘం వాళ్లు సన్మానం అన్నారు. దాని అధ్యక్షులు ఎరువుల వ్యాపారి. అత్తయ్య రానంది. నాన్నగారు బతిమాలారు. చివరికి, "మైకు ఇస్తారా?" అని అడిగింది. ఇస్తారన్నారు. వచ్చింది.

హాలు నిండా జనం. మన గోదావరి ఆడపడుచు చైనావాడి చెంప ఛెళ్లుమనిపించిందని అధ్యక్షులు గారు మాట్లాడారు. శాలువా కప్పారు. చప్పట్లు. అత్తయ్య మైకు దగ్గరికి వెళ్లి శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీ మీద పెట్టింది.

"అందరికీ నమస్కారమండి. ఇంత అభిమానంగా పిలిచారు, సంతోషం. కానీ ఈ సన్మానం నాది కాదండి. పేపర్లో వ్యాసం మీద నా పేరుంది గాని, ఆ వ్యాసం నేను రాయలేదు. ఆ విమానం దొంగదని నేననలేదు. వాళ్లు సొంతంగా ఒకటి మొదలుపెట్టి చెడగొట్టుకున్నారు. మళ్లీ కూర్చున్నారు. అందినచోటల్లా అడిగి నేర్చుకున్నారు..."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మధ్య వరసలో ఒకాయన లేచాడు.

"అంటే చైనావాడు గొప్పోడంటారా అమ్మా?"

"గొప్పో కాదో నాకు తెలీదండి. పని చేశాడంటున్నాను."

"రేపు మన మీదకొచ్చేది వాళ్లేనండి!"

"అందుకే చెబుతున్నాను నాయనా. మీదకొచ్చేవాణ్ణి తక్కువ చేసి చెప్పేవాడు మీ స్నేహితుడు కాడు. చూసి నేర్చుకున్నవాణ్ణి దొంగ అనేముందు, మనం ఎవర్ని చూసి ఏం నేర్చుకున్నామో..."

వెనక నుంచి ఎవరో, "ఎవరి పక్షమమ్మా నువ్వు?" అని అరిచారు. ఇంకెవరో "చైనా ఏజెంటు" అన్నారు. నవ్వులు. అధ్యక్షులు గారు నవ్వుతూనే మైకు అందుకున్నారు. "పెద్దావిడ కదండీ, అలసిపోయారు. ఇప్పుడు పిల్లల డాన్సు చూద్దాం." దేశభక్తి పాట పెట్టారు. అత్తయ్య ఆ పాట అయ్యేవరకూ స్టేజీ మీదే నిలబడింది. దిగమని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఆటోలో ముగ్గురం వచ్చాం. నాన్నగారి ఒళ్లో ఆ శాలువా ఉంది. ఆటో కోటిపల్లి బస్టాండు దాటింది.

"నా పరువు తీశావు" అన్నారు నాన్నగారు.

"నా పేరు తీసింది వాళ్లు. అది కనపడలేదా అన్నయ్యా నీకు?"

"ఊరంతా నీకు గౌరవం చేస్తోంటే పుచ్చుకుంటే పోయేదేముంది? చైనావాడేమన్నా నీ మేనమామా?"

"నువ్వు దిద్దిన వ్యాసం అది."

"దిద్దాను. అయితే ఏంటి? లోకం ఒప్పుకోనిదాన్ని పట్టుకుని ఊరేగుతావా నువ్వొక్కదానివీ?"

అత్తయ్య ఆటో ఆపించి దిగిపోయింది. ధవళేశ్వరం బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ తరవాత మా ఇంటి గడప తొక్కలేదు. ఆయనా వెళ్లలేదు. అరగంట బస్సు దూరం.

దగ్గర్లో కొందరు పిల్లలు సంస్కృతానికి వచ్చేవారు ఆవిడ దగ్గరికి. వాళ్ల తల్లులు ఒక్కొక్కరే మాన్పించారు. ఎవరూ గొడవ పడలేదు. పరీక్షలండి, జలుబండి, ఊరెళుతున్నామండి అని చెప్పారు, ఎంతో మర్యాదగా. మన వైపు మనిషిని వెలివెయ్యాలన్నా గారూ అండీ తగిలించే వేస్తాం. కూరల బండి దగ్గర మాత్రం ‘చైనా ఆవిడ’ అనేవారట.

నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. ఆవిడేమీ ఫిర్యాదు చేసేది కాదు. మొదటి కోరికకి తిరిగి వెళ్లింది. చైనా భాషలో మాత్రమే మిగిలిన ఒక చిన్న బౌద్ధ గ్రంథాన్ని మళ్లీ సంస్కృతంలోకి మార్చుకుంటోంది. ఒక్కోచోట ఆగిపోయేది. "ఇక్కడ రెండు మాటలు కుదురుతున్నాయే. ఏది మంచిదో నాకు తేలడం లేదు" అని బస్సులు వెళ్లే రోడ్డు వైపు చూసేది. ఎవర్ని అడిగితే తేలుతుందో నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను వెళ్లి నాన్నగారితో చెప్పాను కూడా. "నన్ను అడగమను, చెబుతాను" అన్నారు. అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ గ్రంథం సగంలోనే ఉంది.

కోపం అంటాను గాని, నేను ఆవిడ దగ్గర పుచ్చుకున్నది తక్కువేం కాదు. తెలిసినంత వరకు తెలుసనీ, తెలియనిచోట తెలియదనీ చెప్పడంలో ఒక శుభ్రత ఉంటుందని ఆవిణ్ణి చూసే తెలుసుకున్నాను. అందరికీ నచ్చే ఒక్క మాట వినపడినప్పుడల్లా, వెనకాల ఎవరి పని మింగేశారో అని ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను. ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు తగ్గారు. ఆవిడకీ అలాగే తగ్గి ఉంటారు.

గుండె జబ్బని నేనే కాకినాడ తీసుకొచ్చి చేర్పించాను. రెండో రోజున అడిగింది.

"అన్నయ్యకి చెప్పావా?"

"చెప్పానత్తయ్యా. రేపు వస్తానన్నారు."

"వచ్చేటప్పుడు ఆ శాలువా తేవద్దను" అంది. నవ్విందో లేదో, ఆక్సిజను మాస్కు వెనక నాకు తెలియలేదు. ఆ మర్నాడే పోయింది. నాన్నగారు అప్పటికి బస్సులో ఉన్నారు.

ధవళేశ్వరం తీసుకొచ్చాం. ఊళ్లోవాళ్లు పది మంది కూడా రాలేదు. అధ్యక్షులు గారు దండ పంపించారు. కర్మ చేయడానికి ఇంకెవరూ లేరు గనక నాన్నగారే చేశారు. మంత్రం చెబుతున్న బ్రహ్మగారు ఒకచోట తడబడితే అలవాటు కొద్దీ ఆయనే అందించారు. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదు.

అన్నీ అయ్యాక రేవులో స్నానం చేసి, తడి పంచెతోనే మెట్ల మీద కూర్చుండిపోయారు. ఎండ ఇంకా బాగా ఉంది. పైన బ్యారేజీ మీద బస్సులు వెళుతున్నాయి. బట్టలు మార్చుకోండి నాన్నా, జలుబు చేస్తుందంటే వినిపించుకోలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, చైనా వాళ్లు చెల్లెల్ని ఏమని పిలుస్తారే?"

నాకు తెలియదన్నాను. ఆయన తల ఊపి, రేవులో ఉన్న మిగతావాళ్ల వైపు చూశారు. బట్టలు ఉతుక్కుంటున్న ఆవిణ్ణి, పడవకి తాడు కడుతున్న మనిషిని, రాగిచెంబు తోముకుంటున్న బ్రహ్మగారిని, ఒక్కొక్కరినీ, వాళ్లలో ఎవరికైనా తెలిసి ఉంటుందేమో అన్నట్టుగా.